పొద్దెక్కాక కడగం

చిన్నకోడలు ప్రాణం పోయిన చోట నీళ్లు ఇంకా ఆరనే లేదు, సూపర్‌వైజరు వచ్చి మిగతా ఆడవాళ్లను పక్క వరుసలో పని మొదలుపెట్టమన్నాడు.

ఎవరూ కదల్లేదు. పెద్దకోడలు నేల మీద కూలబడి ఉంది. తోడికోడలి తల ఆమె ఒళ్లో ఉంది. కాసేపటి కిందట ఇద్దరూ ఒకే వరుసలో పక్కపక్కన నిలబడి అద్దాలు కడుగుతున్నారు. సోలార్ కంపెనీ వాళ్లు వాటిని ప్యానెళ్లంటారు, బస్తీలో అందరికీ అవి అద్దాలే. అత్త పొద్దున్న కూర మాడ్చేసి, తప్పంతా పొయ్యిదేనని పొయ్యిని తిట్టిన సంగతి చెప్పి చిన్నకోడలు నవ్వుతోంది. నవ్వుతూనే ఒక చేత్తో ఇనప చట్రం పట్టుకుని, రెండో చేత్తో తడి వైపరును పైకి తోసింది. ఆ అద్దం మూలన ఒక పగులుంది. వెంట్రుక అంటుకుందేమో అనుకునేంత సన్నటి పగులు. నవ్వు సగంలో ఆగిపోయింది. కేక లేదు. చెయ్యి మాత్రం చట్రాన్ని వదల్లేదు. పెద్దకోడలు ప్లాస్టిక్ బకెట్‌తో ఆ చేతిని కొట్టి విడిపించేసరికి అంతా అయిపోయింది.

ఎండదెబ్బ తగిలి పడిపోయిందని, ఆస్పత్రి బండి వస్తుందని, మీరంతా గుడ్లప్పగించి నిలబడితే ఒరిగేదేమీ లేదని సూపర్‌వైజరు అన్నాడు. ఆస్పత్రి బండి రాలేదు. వచ్చింది నీళ్ల ట్యాంకరు. దాన్ని నడిపేది చిన్నకోడలి మొగుడే. రెండో ట్రిప్పు నీళ్లతో వచ్చాడు. బండి దిగి గుంపును చూశాడు. గుంపు మధ్యలో ఎవరున్నారో చూశాడు. చూసి వెనక్కి తిరిగి, నీళ్లు కారిపోతున్నాయని ట్యాంకరు కుళాయి గట్టిగా బిగించాడు. అలాంటప్పుడు మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో ఎవరు చెప్పగలరు. కుళాయి బిగించాక అక్కడే చక్రం పక్కన కూలిపోయాడు.

ఆ అద్దాలు అక్కడికి ఎలా వచ్చాయో చెప్పాలి. చెప్పకపోతే ఇది ఒక చావు కబురుగా మిగిలిపోతుంది. మనలాంటి వాళ్లకు చావు కబుర్లకేం కొదవ?

ఆ బస్తీ పక్కన మునుపు బొగ్గు కరెంటు కంపెనీ ఉండేది. తిండిలో బూడిద, ఆరేసిన బట్టల మీద బూడిద, పసిపిల్లల ముక్కుల్లో బూడిద. పెద్దకోడలి మామగారు ఆ బూడిద ఎత్తీ ఎత్తీ దగ్గుతూనే పోయాడు. అందుకే బొగ్గు కంపెనీ మూతపడి, ఎండతో కరెంటు తీసే కంపెనీ వచ్చినప్పుడు బస్తీలో అందరికంటే ముందు సంబరపడింది అత్తే. పొగ లేని కరెంటట, నా మొగుడు బతికుండగా వచ్చుంటే ఎంత బాగుండేదని కంపెనీ పెట్టిన సభలో అందరి ముందూ ఏడ్చింది. ఆవిడ తెలివితక్కువది కాదు. ఆవిడ సంబరం తప్పూ కాదు. ఎండ మంచిదే, గాలీ మంచిదే. గుట్ట మీద గాలిమరలు లేచాయి, గుట్ట కింద మైదానమంతా అద్దాలు పరుచుకున్నాయి. గాలి తేటపడింది. తెల్లబట్టలు తెల్లగా ఆరాయి. కంపెనీ చెప్పిన మాటల్లో ఇంతవరకూ నిజం. ఇక ఇంటింటికీ కరెంటిస్తామన్న మాటా ఒకటుంది. ఆ కరెంటు పొడుగాటి స్తంభాలెక్కి బస్తీ ఇళ్ల మీదుగా ఎక్కడో దూరాన ఉన్న నగరానికి పోయింది. బస్తీకి దక్కింది అద్దాలు కడిగే పని.

అద్దం మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. మైదానంలో దుమ్ముకేం తక్కువ. కాబట్టి రోజూ కడగాలి. మొదట్లో తెల్లవారకముందే కడిగేవాళ్లు. పనిలో చేరిన రోజు కుర్ర ఇంజినీరు వాళ్లను కూర్చోబెట్టి శ్రద్ధగా చెప్పాడు. చీకట్లో అద్దం చచ్చిన పాము, ఎండ తగిలిందా లేచి పడగ విప్పుతుంది, ఆఫీసులో స్విచ్చి కట్టేసినా సరే, ఎండ ఉన్నంతసేపూ దానిలో కరెంటు ఉంటుంది, పొద్దెక్కాక తడిచేత్తో ముట్టుకోవద్దు అన్నాడు. మంచి పిల్లాడని ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు.

తర్వాత కాంట్రాక్టరు మారాడు. ఇక్కడే ఉంది తిరకాసంతా. కడగడానికి నీళ్లు కావాలి. నీళ్లు తోడే మోటారుకు కరెంటు కావాలి. పొద్దుగూకితే మైదానంలో ఒక్క అద్దమూ పనిచేయదు, ఉక్కపోత రోజుల్లో గుట్ట మీద మరలు కూడా రెక్కలు వేలాడేసుకుని నిలబడతాయి. పగటి కరెంటును రాత్రికి దాచే బ్యాటరీలు తెస్తామని చెప్పి సిమెంటు గచ్చు పోశారు. ఆ గచ్చు మీద మేకలు పడుకుంటున్నాయి. నగరానికంతా కరెంటు పంపే కంపెనీ దగ్గర పొద్దుపోయాక ఒక్క మోటారు తిప్పే కరెంటు లేదు. అది బయట కొనాలి. పాత కాంట్రాక్టరు కొనేవాడు. కొత్తవాడు కొనడం మానేశాడు. అప్పట్నుంచీ ఎండ వచ్చాకే మోటారు తిరుగుతుంది, ఆ తర్వాతే ట్యాంకరు నిండుతుంది. నీళ్లు ఆడవాళ్ల చేతికి అందేసరికి పొద్దు బారెడెక్కుతుంది, అద్దాలన్నీ పడగలు విప్పి ఉంటాయి.

చిన్నకోడలిని మట్టి చేసి వచ్చేలోపు ఆ పగిలిన అద్దాన్ని తీసేసి కొత్తది బిగించారు. మర్నాడు విచారణ అధికారి వచ్చి ఆఫీసు గదిలో కూర్చున్నాడు. పెద్దకోడలు తలుపు దగ్గర నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. అధికారి ఇంజినీరు వైపు తిరిగి, కడిగేటప్పుడు కరెంటు ఉంటుందా అని అడిగాడు.

ఇంజినీరు బల్ల మీది టీ గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు. "ఉండదు సార్. ఆ వరుస స్విచ్చి ఆఫ్ చేసే ఉంది. ఆఫ్ చేశాక ఏమీ ఉండదు."

పెద్దకోడలు గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది. ఎండ ఉన్నంతసేపూ ఉంటుందని మాకు చెప్పింది మీరే కదా బాబూ అంది. అతను తలెత్తలేదు. అధికారి లేచాడు. ఎండదెబ్బ అని తేల్చి చేతులు దులుపుకున్నాడు.

ఆవిడ బయటికి వస్తుంటే సూపర్‌వైజరు వెంట నడిచాడు. గొంతు తగ్గించి, ఎంతో మేలు చేస్తున్నవాడిలా చెప్పాడు. మీ ఇంటికి రెండు పనులుండేవి, ఒకటి పోనివ్వడం నాకిష్టం లేదు, నీ కూతురు ఖాళీగానే ఉందిగా, రేపట్నుంచి ఆ వైపరు తనకిప్పిస్తాను అన్నాడు.

పెద్దకోడలి మొగుడు పని వెతుక్కుంటూ దూరపు ఊళ్లు పట్టి పోయాడు, చుట్టపుచూపుగా వస్తాడు. ఒక్కగానొక్క కూతురు చదువు ముగించి ఇంట్లో ఉంది. పిన్నిని పోగొట్టుకుని ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన ఆ పిల్లే, వెళ్తానమ్మా, ఇల్లెలా గడుస్తుంది అంది. పెద్దకోడలు కూతురి చేతుల వైపు చూసింది. ఆ చెయ్యి ఎండలో ఇనప చట్రం పట్టుకున్నట్టు కళ్లకు కట్టింది. అప్పటిదాకా ఆవిడది దుఃఖం. ఆ క్షణం నుంచి అది వేరే అయింది.

సాయంత్రం బస్తీ ఆడవాళ్లంతా వాళ్ల ఇంటి ముందు చేరారు. పరామర్శకని వచ్చినవాళ్లు పరామర్శ మర్చిపోయి పోట్లాటకు దిగారు. మానేద్దామని కొందరు, మానేస్తే ఎవడు పెడతాడని కొందరు. పెద్దకోడలు అందరినీ మాట్లాడనిచ్చింది. చివరికి ఆవిడ చెప్పింది చాలా చిన్న మాట.

"పని మానద్దు. తెల్లవారకముందు ఎంతైనా కడుగుదాం. పొద్దెక్కాక కడగం. రాత్రి మోటారుకు కరెంటు కొనుక్కుంటాడో, బ్యాటరీలే తెచ్చుకుంటాడో వాడిష్టం."

అదీ కోరిక. భూమి అడగలేదు, రాజ్యం అడగలేదు. చావకుండా కడుగుతామన్నారు. మర్నాడు చీకటితోనే అందరూ వైపర్లు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లారు. నీళ్లు లేవు. పొద్దెక్కింది. నీళ్లొచ్చాయి. వాళ్లు వైపర్లు భుజాన వేసుకుని ఇళ్లకు వచ్చేశారు. సూపర్‌వైజరు నవ్వాడు, ఆకలి వేస్తే వాళ్లే వస్తారని.

అయితే దుమ్ముకు ఆకలి లేదు. గుట్ట మీంచి గాలి దిగి మైదానాన్ని ఊడ్చి అద్దాల మీద పోసింది. అంతవరకూ ఆ గాలిని తిట్టని ఆడది ఆ బస్తీలో లేదు. ఇప్పుడు గుమ్మాల్లో కూర్చుని, ఊదవే తల్లీ ఇంకాస్త ఊదు అని దాన్ని బతిమాలుతున్నారు. నీలంగా తళతళలాడే అద్దాలు మట్టిరంగుకు తిరిగాయి. కాంట్రాక్టరు కారు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. సూపర్‌వైజరు నవ్వడం మానేశాడు. ఇళ్లల్లో పొయ్యిలు ఒకపూటే వెలుగుతున్నా జనం మొహాల్లో ఒక కళ వచ్చింది. రేపో ఎల్లుండో మాటలకు పిలుస్తాడని అనుకున్నారు.

వాన పడింది.

ఆ మైదానంలో వాన చూసి ఎన్నాళ్లయిందో. ఎన్నేళ్లుగానో అందరూ కోరుకున్నదే. అందుకే వాన సంగతి ఎవరికీ తట్టలేదు. కంపెనీ గురించి ఆలోచించారు, పోలీసుల గురించి ఆలోచించారు, ఆకలి గురించి ఆలోచించారు. వాన ఒకటి ఉంటుందనీ, అది పైసా అడక్కుండా మైదానమంతా కడిగిపోతుందనీ బస్తీలో ఒక్కరికి కూడా గుర్తుకు రాలేదు. గుమ్మాల్లో నిలబడి బిక్కమొహాలేసుకుని చూశారు. మట్టి వాసన లేస్తోంది, పిల్లలు తడుస్తూ గంతులేస్తున్నారు, పెద్దవాళ్లు ఏడుస్తున్నారు. అత్త మాత్రం బిందెలన్నీ తెచ్చి చూరు కింద పెట్టింది. వాన కూడా కాంట్రాక్టరు మనిషే అయిపోయింది, అయినా నీళ్లు నీళ్లే కదా అంది. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు.

వాన వెలిశాక అద్దాలు కొత్త పెళ్లికూతురి మొహంలా మెరిశాయి. సూపర్‌వైజరు బస్తీకి వచ్చాడు, ఈసారి చేతిలో ఒక సోలార్ దీపం పట్టుకుని. కంపెనీ జాలి తలచిందట. ఇంటికొక దీపం ఇస్తారట. పగలు ఎండలో పెడితే రాత్రంతా వెలుగుతుంది. రేపు పనికి వచ్చినవాళ్ల ఇంటికి దీపం, రానివాళ్ల పని పొరుగూరి ముఠాకు. ఆ ముఠా ఎల్లుండి లారీల్లో దిగుతోంది. అంతా చెప్పి దీపం మీట నొక్కి చూపించాడు. బాగానే వెలిగింది. పిల్లలు దాని చుట్టూ మూగారు.

ఆ సాయంత్రం సభ మూతపడ్డ బొగ్గు కంపెనీ షెడ్డులో జరిగింది. ఈసారి మగవాళ్లూ వచ్చారు. ఒకావిడ లేచి, దీపం మంచిదే కదా, పిల్లలు చదువుకుంటారు కదా అంది. ఆవిడ మీద నలుగురు విరుచుకుపడ్డారు. పెద్దకోడలు వాళ్లను ఆపింది. దీపం మంచిదే, కాదని ఎవరన్నారు, కానీ దాన్ని పెట్టుకుని రాత్రి ఎవరి శవం దగ్గర కూర్చోవాలో అది కూడా చెప్పమనండి అంది. అడిగినావిడ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుండిపోయింది.

అప్పుడు వెల్డరు లేచాడు. ఆ అద్దాల చట్రాలన్నీ అతికింది అతనే. కట్టడం అయ్యాక కంపెనీ అతన్ని తీసేసింది. కడుపుమంట మనిషి.

"ఈ మాటలన్నీ దేనికి? ఒక్కో మనిషి ఒక్కో రాయి పట్టుకోండి. పగలగొట్టేద్దాం. పగిలిందాన్ని ఏ వానా కడగలేదు."

షెడ్డు మొత్తం ఔనంది. కుర్రవాళ్లు లేచి నిలబడ్డారు. అప్పుడు మూల నుంచి అత్త గొంతు వినబడింది. ఆవిడ ఎప్పుడూ సభల్లో నోరు విప్పదు, సంబరపడి ఏడ్చిన ఆ ఒక్కరోజు తప్ప.

"ఏరా, ఎండ నీకేం అపకారం చేసిందిరా? మీ అయ్య కూడా మా ఆయనతోపాటే ఈ షెడ్డులోనే దగ్గీ దగ్గీ పోయాడు. అద్దాలు పగిలితే మళ్లీ బొగ్గు తెస్తారు. తెచ్చి, మీరే కదరా వద్దన్నారు అంటారు. నా కోడల్ని చంపింది ఎండ కాదు. ఎండకు గేటు కట్టి, గేటుకు తాళమేసుకున్నవాడు చంపాడు. వాడి సంగతి చూడండి."

వెల్డరు కూర్చున్నాడు. కానీ పళ్లు కొరుకుతూనే ఉన్నాడు, మరేం చేస్తారో చేయండి అన్నాడు. ఆలోచన ఎవరిదో తర్వాత ఎంత అడిగినా తేలలేదు. కాకి రెట్ట గురించి ఎవరో అన్నారు. ఒక అద్దం మీద కాకి రెట్ట వేస్తే వరుసంతా మందగిస్తుందని సూపర్‌వైజరు పెట్టే కేకలు గుర్తుచేసి ఒకావిడ అతన్ని వెక్కిరించింది. అందరూ నవ్వారు. నవ్వు మధ్యలో ఇంకొకావిడ, దుమ్మును వాన కడుగుతుంది గానీ దుప్పటిని కడిగి ఏం చేస్తుంది అంది. నవ్వు ఆగిపోయింది.

అక్కణ్నుంచి మాట మీద మాట. వరుసకు రెండు మూడు అద్దాల మీద దుప్పట్లు కప్పితే చాలు, వరుసంతా పడుకుంటుంది. కప్పితే లాగేస్తారు కదా? ఎండ రాకముందే నాలుగు మూలలా కట్టేస్తే? చీకట్లో అద్దం చచ్చిన పాము, మనం కట్టొచ్చు. పొద్దెక్కాక విప్పాలంటే చట్రం ముట్టుకోవాలి, కప్పని పక్క అద్దాల్లో కరెంటు ఉంటుంది, ఎవడు ముట్టుకుంటాడు? నగరంలో ఆస్పత్రులున్నాయి కదా, వాటికి కరెంటు ఆగిపోతే ఎలా అని పెద్దకోడలి కూతురు అడిగింది. మబ్బు పట్టిన రోజు ఏం చేస్తారో రేపూ అదే చేస్తారని వెల్డరు చెప్పాడు. మబ్బుకు కూడా ఎండ మీద అంత అధికారం ఉందన్నమాట, మనకే లేదు అని ఎవరో అన్నారు. చివరికి పెద్దకోడలు మరిది వైపు చూసింది. అతను పెళ్లాం పోయిన రోజు నుంచీ నోరు విప్పలేదు. ఇప్పుడు కూడా ఏమీ అనకుండా లేచి ఇంటికెళ్లి, తన మంచం మీది దుప్పటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

తెల్లవారకముందే గేటు దగ్గర కాపలావాడు వాళ్లను చూసి, దారికొచ్చారన్నమాట అన్నాడు. పనికి తొందరగా వచ్చామంటే కాదనేదెవరు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో మూట. వాళ్లు మైదానమంతా పరుచుకున్నారు. గీతల దుప్పట్లు, పూల దుప్పట్లు, అతుకుల బొంతలు, పాత పరదాలు, పందిరి పట్టాలు. ఒకావిడ తన దుప్పటి మూలలు బిగించి కడుతూ, ఈ దుప్పటి కింద మా ఆయన గురక ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే విన్నాను, ఇవాళ కంపెనీ కూడా వింటుంది అంది. అందరూ కిసుక్కున నవ్వారు. కూతురు తల్లి పక్కనే ముడులు వేసింది. తోడికోడలు పోయిన చోట బిగించిన కొత్త అద్దం మీద చెయ్యి వేసినప్పుడు పెద్దకోడలికి భయం వేయలేదు, చీకటిగానే ఉంది కాబట్టి. ఒక్కరికి కూడా చిన్న దెబ్బ తగల్లేదు. పొద్దెక్కకముందు చేస్తే ఎంత పనైనా ఇలాగే అవుతుందని ఆవిడ కూతురితో అంది. తర్వాత కూతుర్ని కంచె అవతలికి, మరిది దగ్గరికి పంపేసింది.

పొద్దు పొడిచింది. మైదానం బస్తీ పెరడులా ఉంది. ఆడవాళ్లు వరుసల మధ్య నేల మీద కూర్చున్నారు. ఆఫీసులో ఫోన్లు మోగాయి. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి, బతిమాలి, బెదిరించి, చివరికి ఒక దుప్పటి మూల పట్టుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ చెయ్యి లాక్కోవడం వరుసలో ఉన్న ఆడవాళ్లందరూ చూశారు.

పోలీసులు వచ్చారు. కంచె అవతల బస్తీ అంతా చేరింది. కాంట్రాక్టరు కారులోంచి దిగకుండానే, అన్నీ లాగి పారేయండి అన్నాడట. ఇన్‌స్పెక్టరు నలుగురు పోలీసులను ముందుకు పంపాడు. వాళ్లు దుప్పటి దగ్గరికి వెళ్లి, కింద కూర్చున్న పెద్దకోడలి మొహం చూసి, మళ్లీ ఇన్‌స్పెక్టరు మొహం చూసి ఆగిపోయారు. ఇక్కడే ఒక మనిషి చచ్చిపోయిందట కదా సార్ అని అందులో ఒకడు అడిగాడు. ఇన్‌స్పెక్టరు ఇంజినీరును పిలిపించి, మా వాళ్లు ముట్టుకునే ముందు ఏదో ఒకటి ఆఫ్ చేయవయ్యా అన్నాడు. ఇంజినీరు నీళ్లు నమిలాడు.

అప్పుడు కంచె అవతలి నుంచి ట్యాంకరు డ్రైవరు మాట్లాడాడు. అరవలేదు. ఎన్నో రోజులు వాడని గొంతు, బొంగురుగా వచ్చింది.

"మా ఆవిడ పోయిన రోజు ఆఫ్ చేసే ఉందన్నారు కదండీ. ఇవాళ కూడా అలాగే ఆఫ్ చేయించండి. అప్పుడు లాగేయండి, మేమేం అనం."

ఇన్‌స్పెక్టరు ఇంజినీరు వైపు చూశాడు. నలుగురు పోలీసులూ అతని వైపే చూశారు. వాళ్లలో ఒకడికి ఇంజినీరు ఈడే ఉంటుంది. ఇంజినీరు ఆ కుర్ర పోలీసు చేతుల వైపు చూశాడు. తను ఔనంటే ఆ పోలీసు చెయ్యి వేస్తాడు. ఏ దుప్పటి కింద పగులుందో ఎవరికి తెలుసు.

"ఆఫ్ కావు సార్," అన్నాడు. "ఎండ ఉన్నంతసేపూ ఆఫ్ కావు. ముట్టుకోవద్దనండి."

"మరి ఆ రోజు?"

ఇంజినీరు పెద్దకోడలి వైపు తిరిగాడు. ఆ రోజు కూడా కాలేదు అన్నాడు. అని, తన మెడలో వేలాడే కంపెనీ కార్డు తీసి జేబులో పెట్టుకుని, గేటు దాకా నడిచి వెళ్లిపోయాడు. అతను మంచివాడా చెడ్డవాడా అని తర్వాత బస్తీలో పెద్ద వాదులాట జరిగింది. ఒక పోలీసు ప్రాణం దగ్గర బయటికొచ్చిన నిజం, మా చిన్నకోడలి శవం దగ్గర ఎందుకు రాలేదని అత్త అడిగింది.

ఆ మాట కంచె దాటి బస్తీ అంతా పాకింది. ట్యాంకరు డ్రైవరు రెండు చేతులతో కంచె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎండదెబ్బ అని తేల్చిన అధికారికి ఇన్‌స్పెక్టరు ఫోను చేయలేదు. చేయమని ఆడవాళ్లు అడిగితే, అది నా పని కాదన్నాడు. అతని పని ఏమిటో అతనికి బాగా తెలుసు. పొద్దుగూకే దాకా కూర్చుందాం అని తన వాళ్లకు చెప్పి, జీపు నీడలో కుర్చీ వేయించుకున్నాడు.

అలా ఆ రోజంతా ఎండ కాసింది, గాలి వీచింది, మైదానంలో ముప్పావు వంతు వరుసలు పనిచేయలేదు. ఆడవాళ్లు తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. పోలీసులు కంచె మీదుగా సీసాలు అందనివ్వలేదు. ఇద్దరు ముగ్గురు సొమ్మసిల్లారు. వెళ్లిపోదామని ఎవరూ అనలేదు. పొద్దు గుట్ట వెనక్కి దిగి, అద్దాలు చల్లబడగానే పోలీసులకు ధైర్యం వచ్చింది. దుప్పట్లు చింపారు. ఆడవాళ్లను జుట్లు పట్టి లేపారు. పెద్దకోడలి భుజం మీద లాఠీ పడింది, ఆ చెయ్యి కిందికి వేలాడిపోయింది. వ్యానులోకి తోస్తుంటే ఆవిడ కంచె వైపు చూసి, కూతురితో, ఎవరేం చెప్పినా ఆ వైపరు మాత్రం పట్టుకోకు అంది.

స్టేషన్‌లో వాళ్లందరినీ ఒకే గదిలో కుక్కారు. కంపెనీ ఆస్తి ధ్వంసం చేశారని కేసు. ఒక్క అద్దం కూడా పగలలేదని చెబితే రాసేవాడు వినిపించుకోలేదు. తెల్లవారింది. కిటికీ ఊచల్లోంచి ఎండ గోడ మీద పడి, మెల్లగా కిందికి జారింది. ఈపాటికి పొరుగూరి ముఠా లారీలు దిగి ఉంటుంది, మోటారు తిరిగి ఉంటుంది, మన వైపర్లే వాళ్ల చేతుల్లో ఉంటాయి అని ఒకావిడ అంది. పెద్దకోడలి భుజం ఉబ్బింది. ఇంతా చేసి ఏం సాధించామని మనసు పీకుతోంది. నిజం చెప్పించారు. నిజం చెప్పించినా మోటారు పొద్దెక్కాకే తిరుగుతోంది. తన కూతురు కాకపోతే ఇంకెవరి కూతురో ఇప్పుడు ఆ చట్రం పట్టుకుని ఉంటుంది. ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

మధ్యాహ్నం కావస్తుండగా బయట వ్యాను ఆగిన చప్పుడైంది. తిట్లు, తోపులాట. తలుపు తెరిచి పోలీసులు మరికొందరు ఆడవాళ్లను లోపలికి నెట్టారు. ఒక్క మొహం కూడా ఈ బస్తీది కాదు. వాళ్ల బట్టలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి, ఒక్కరి మీదా నీటి చుక్క లేదు. ముందున్న నడివయసు మనిషి పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

ఎవరమ్మా మీరు అని పెద్దకోడలు అడిగింది.

ఆవిడ పెదవి తుడుచుకుని, గదిలో ఉన్నవాళ్లందరినీ ఒకసారి చూసింది. "మీ బదులు కడగడానికి తెచ్చారమ్మా మమ్మల్ని. గేటు దగ్గర ఒక ట్యాంకరాయన జరిగిందంతా చెప్పాడు. రేపు పెందరాళే వస్తాం, పొద్దెక్కాక కడగం అన్నాం. దానికే ఇది."

గదిలో కూర్చోవడానికి చోటు లేదు. పెద్దకోడలు వాపెక్కిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని గోడ వైపు జరిగింది. అది చూసి మిగతావాళ్లు కూడా ఒకరి మీదికి ఒకరు ఒదిగి, వచ్చినవాళ్లకు చోటిచ్చారు.